బండి నడుస్తుంటే ఇంజిన్ చల్లబడుతోందా? కారణం పట్టుకునే పద్ధతి

ఎండాకాలంలో 44 డిగ్రీలు చూసే నల్లగొండలో "ఇంజిన్ చల్లగా నడుస్తోంది" అని షెడ్డుకు పోతే నవ్వుతారు. "సల్లగుంటే మంచిదే కదన్నా, హీటెక్కితే గదా భయం" అంటారు. సగం రోగం ఆ మాటలోనే ఉంది. మన వైపు చల్లబడే ఇంజిన్లలో చాలావాటికి తమంతట తాము చెడిపోయిన చరిత్ర ఉండదు. ఎండకు భయపడి ఎవరో థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లార్చే ద్రవాన్ని, రేడియేటర్‌కు పోనీయని తలుపు) పీకేసి ఉంటారు, లేదా ఫ్యాన్ డైరెక్ట్ చేసి, అంటే బ్యాటరీకి నేరుగా కలిపి ఉంటారు. అందుకే పానా పట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఈ బండి కూలింగ్ మీద ఇంతకుముందు ఎవరు, ఎందుకు చెయ్యి వేశారు? సెకండ్ హ్యాండ్ బండి అయితే ఈ అనుమానం రెట్టింపు పెట్టుకోండి.

ఎంత వేడి ఉంటే సరి

చాలా కార్లలో థర్మోస్టాట్ 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది, 95 నుంచి 100 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. కాబట్టి బాగున్న ఇంజిన్‌లో కూలెంట్ 80కి పైనే తిరుగుతుంది. ట్రాఫిక్‌లో 95 దాటి ఫ్యాన్ రావడం, మళ్లీ దిగడం రోగం కాదు. హైవే మీద 70, 65కు జారి అక్కడే ఉండిపోతే అది రోగం.

మీటర్లో ముల్లును నమ్ముకుని కూర్చోవద్దు. ఈ మధ్య బండ్లలో ముల్లు నిజమైన వేడిని చూపదు. దాదాపు 75 నుంచి 105 దాకా ఎక్కడున్నా నడిమధ్యనే నిలిచేలా కంపెనీవాళ్లే కట్టేస్తారు. కొన్ని చిన్న కార్లలో ముల్లే ఉండదు, చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. నీలం దీపం ఆరిపోయింది కాబట్టి అంతా బాగుందనుకోవడం పొరపాటు. అది 50, 60 డిగ్రీల దగ్గరే ఆరిపోవచ్చు.

చల్లగా నడిస్తే పోయేదేమిటి? ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోలు సిలిండరు గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) వాసన చూస్తే తెలుస్తుంది. ఆయిల్‌లోని తేమ ఆవిరి కాక, ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు పేరుకుంటుంది. బీఎస్6 డీజిల్ బండ్లలో ఇంకో చిక్కు. కూలెంట్ తగినంత వేడెక్కితే గానీ పొగ ఫిల్టరు తనను తాను కాల్చుకునే పని మొదలుపెట్టదు, మసి నిండి దీపం వెలుగుతుంది. ఆటోమేటిక్ గేరు బండి పై గేరుకు ఆలస్యంగా పోతుంది. సీఎన్‌జీ కిట్ ఉంటే రెడ్యూసర్‌ను (గ్యాస్ ప్రెషర్ తగ్గించే భాగాన్ని) వేడి చేసేది ఈ కూలెంటే. అది వేడెక్కకపోతే బండి గ్యాస్‌కు మారడానికి ఆలస్యం చేస్తుంది, ఆ సేపంతా ఖరీదైన పెట్రోలు మీదే నడుస్తుంది.

ఎండాకాలంలో దాక్కునే రోగం

థర్మోస్టాట్ మూసి ఉంటే కూలెంట్ ఇంజిన్‌లోనే తిరుగుతుంది, రేడియేటర్‌లోకి పోదు. అది తెరిచి ఉండిపోయినా, లేకపోయినా, స్టార్ట్ చేసిన నిమిషం నుంచి కూలెంట్ రేడియేటర్ చుట్టి వస్తుంది. హైవే మీద 80 వేగంతో నిలకడగా పోతున్నప్పుడు ఇంజిన్ పెద్దగా కష్టపడదు, ఎదురుగాలి మాత్రం జోరుగా ఉంటుంది. వచ్చే వేడి కంటే పోయే వేడి ఎక్కువై డిగ్రీలు పడిపోతాయి. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి డ్యామ్ వైపు ఘాట్ దిగుతుంటే ఇంకా పడతాయి. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంధనమే ఆగిపోతుంది కదా.

అదే బండి మే నెలలో? బయట గాలే 43. ఏసీ కండెన్సర్ వేడి దానికి తోడై రేడియేటర్‌కు 50 దాటిన గాలి తగులుతుంది. వాల్వు లేని ఇంజిన్ కూడా 80కి చేరుతుంది, యజమానికి ఏమీ తెలియదు. డిసెంబరు తెల్లవారుజామున నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట వైపు పోతుంటే మాత్రం గుట్టు బయటపడుతుంది. పరీక్ష చలికాలం పొద్దున్నే చేస్తే జవాబు సూటిగా వస్తుంది. ఎండాకాలంలో చేయక తప్పకపోతే తెల్లారకముందే, ఏసీ బంద్ చేసి చేయండి.

కావలసినవి

బండి కంప్యూటర్‌లోని అంకెలు, కోడ్లు చదివే, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చవక ఓబీడీ స్కానర్, మల్టీమీటర్, 100 డిగ్రీల దాకా చూపే థర్మామీటర్, టార్చి, 10 నంబరు సాకెట్, కూలెంట్ పట్టడానికి శుభ్రమైన టబ్బు. గురిపెట్టి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే మంచిది. దాన్ని మెరిసే అల్యూమినియం మీద పెట్టకండి, తక్కువ చూపుతుంది. నల్ల రబ్బరు పైపు మీదో, హౌసింగ్‌కు (థర్మోస్టాట్ కూర్చునే గూడుకు) అంటించిన నల్ల ఇన్సులేషన్ టేపు మీదో పెట్టండి.

1. చల్లని ఇంజిన్ మీద కూలెంట్ మట్టం

రాత్రంతా ఆగి చల్లారిన బండికి మాత్రమే కూలెంట్ డబ్బా మూత తీయండి. వేడి మీద లోపల 1 బార్ చుట్టుపక్కల ప్రెషర్ ఉంటుంది, మూత తిప్పితే ముఖం మీదికే చిమ్ముతుంది. డబ్బాలో గీత చూసి ఊరుకోకుండా, రేడియేటర్‌కు మూత ఉంటే అదీ తీసి గొంతు దాకా ఉందా చూడండి.

మట్టం తక్కువుంటే ఇక్కడే ఆగండి. సెన్సర్ కూలెంట్‌లో మునగకుండా గాలిలో తేలితే మీటర్ "చల్లగా ఉంది" అంటుంది, ఇంజిన్ మాత్రం మాడిపోతుంటుంది. చల్లదనం అనుకుని ఇట్లా నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. లీకు వెతికి, నింపి, గాలి తీసి, అప్పుడు మళ్లీ చూడండి.

కూలెంట్ రంగు కూడా ఏదో ఒకటి చెబుతుంది. తుప్పు రంగు నీళ్లో, తెల్లటి పొలుసులో కనిపిస్తే ఎప్పుడో బోరు నీళ్లు పోశారని అర్థం. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, రేడియేటర్‌కు శత్రువులు ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. అవే పొలుసులు కట్టి థర్మోస్టాట్ అంచుల్లో ఇరుక్కుంటాయి, వాల్వు పూర్తిగా మూసుకోకుండా అడ్డుపడతాయి.

2. స్టార్ట్ చేయకముందు రెండు అంకెలు

స్కానర్ పెట్టి తాళం ఆన్ చేయండి, ఇంజిన్ వద్దు. కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి రెండూ చూడండి. 8 గంటలు ఆగిన బండిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి, 3, 4 డిగ్రీల తేడా ఫరవాలేదు. గాలి 24 అని, కూలెంట్ 8 అని చూపితే సెన్సరో, దాని వైరో అబద్ధం చెబుతోంది. మైనస్ 40 చూపితే వైరు తెగినట్టే.

దాచి ఉన్న కోడ్లు కూడా రాసిపెట్టుకోండి. పీ0128 అంటే కూలెంట్ థర్మోస్టాట్ వేడికి చేరడం లేదని. పీ0118 సెన్సర్ సర్క్యూట్ తెగిందని చెబుతుంది, పీ0117 షార్ట్ అయిందని. పీ0128 చూడగానే సెన్సర్ మార్చేవాళ్లు ఉన్నారు. ఆ కోడ్ ఎక్కువసార్లు వేలెత్తి చూపేది థర్మోస్టాట్‌నే.

3. పైపు పట్టి చూడడం

ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ బంద్ పెట్టి, స్కానర్ చూస్తూ రేడియేటర్ పై పైపును రెండు నిమిషాలకోసారి ముట్టుకోండి. చెయ్యి, చున్నీ, తువ్వాలు ఫ్యాన్ దగ్గరికి పోకూడదు. కరెంటు ఫ్యాన్ చెప్పకుండానే తిరుగుతుంది.

బాగున్న బండిలో స్కానర్ 70 చూపుతున్నా పై పైపు గోరువెచ్చన దాటదు. 85 దగ్గర ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, స్కానర్ అంకె రెండు మూడు డిగ్రీలు దిగి మళ్లీ లేస్తుంది. వాల్వు తెరుచుకున్న క్షణం అదే. 40 దగ్గరే పైపు ఇంజిన్‌తో పాటే మెల్లమెల్లగా వేడెక్కితే వాల్వు మూసుకోవడం లేదు, లేదా అసలు వాల్వే లేదు.

ఒక మెలిక. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు, కూలెంట్ ఇంజిన్‌లోకి తిరిగొచ్చే చోట ఉంటుంది. వాటిలో పై పైపు ముందే వేడెక్కడం తప్పు కాదు, కింది పైపు చల్లగా ఉందా అని చూడాలి. హౌసింగ్ ఏ పైపు చివర ఉందో ముందే కనుక్కోండి.

డీజిల్ బండిని నిలబెట్టి తీర్పు చెప్పొద్దు. చలి పొద్దున ఐడిల్‌లో ఎంతసేపు ఉంచినా అది సరిగా వేడెక్కదు. దాన్ని నడిపే చూడాలి.

4. రోడ్డు మీద పరీక్ష

పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. ఫోన్ చూస్తూ నడపడం పరీక్ష కాదు, ప్రమాదం. జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు లాంటి ఖాళీ నాలుగు లైన్ల రోడ్డు మీద, ఏసీ బంద్ చేసి, 80 వేగంతో 15 నిమిషాలు నిలకడగా పోండి. పక్కవాళ్లు నిమిషానికోసారి అంకె రాయాలి. తర్వాత బండి పక్కకు ఆపి ఐడిల్‌లో 5 నిమిషాలు చూడండి.

ఊళ్లో 85, హైవేలో 68, ఆపగానే మళ్లీ 85 వైపు లేస్తే సందేహం అక్కర్లేదు, థర్మోస్టాట్. అంకె ఎక్కడైనా తక్కువే ఉండి, పైపులు కాలుతున్నా, ఆపినా పెరగకపోతే అనుమానం సెన్సర్ మీద. ఇది ఎక్కువ ప్రమాదకరమైన రకం. కంప్యూటర్ చల్లగా ఉందనుకుని ఫ్యాన్ ఆలస్యంగా తిప్పుతుంది, ఒక్కోసారి అసలు తిప్పదు. 88 నుంచి 45కు, మళ్లీ 88కి రెండు సెకన్లలో దూకితే వైరు వదులు, లేదా లోపల గాలి బుడగ. లీటర్ల కొద్దీ కూలెంట్ అంత వేగంగా చల్లారదు. స్కానర్ 88 అంటూ ముల్లు మాత్రం కింద పడి ఉంటే ఇంజిన్ బాగానే ఉంది, మీటరో, పాత బండ్లలో మీటరుకు విడిగా ఉండే సెన్సరో చెడింది.

ఇంకా అనుమానముంటే అట్ట ముక్క పరీక్ష. చలి పొద్దున మాత్రమే, ఏసీ బంద్ పెట్టి, రేడియేటర్ ముందు సగం భాగానికి గట్టి అట్ట కట్టండి. కదిలి ఫ్యాన్‌లో పడకుండా చూడండి. అదే వేగంతో పోతే 68 ఉన్నది 80కి లేచిందా? కూలెంట్ రేడియేటర్‌లోకి అనవసరంగా పోతోందన్నది ఖాయం. అంకె 95 దాటితే వెంటనే ఆపి అట్ట తీసేయండి. పరీక్ష అయ్యాక ఇంటిదాకా దాన్ని ఉంచుకోవద్దు.

5. ఫ్యాన్ సంగతి

తాళం తిప్పగానే ఫ్యాన్ తిరుగుతుంటే ఏసీ ఆన్‌లో ఉందేమో చూడండి. కాకపోతే రిలే (ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్) అతుక్కుపోయి ఉంటుంది, సెన్సర్ ప్లగ్ ఊడి కంప్యూటర్ ముందుజాగ్రత్తగా తిప్పుతుంటుంది, లేదా బ్యాటరీ నుంచి విడిగా లాగిన వైరు, స్విచ్ కనిపిస్తాయి. ఆ మూడోదే మన దగ్గర మామూలు.

కానీ ఇక్కడ ఆలోచించాల్సింది ఉంది. థర్మోస్టాట్ బాగుంటే ఫ్యాన్ ఎంత తిరిగినా ఇంజిన్‌ను దాదాపుగా చల్లార్చలేదు. కూలెంట్ రేడియేటర్‌లోకి రాకుంటే ఫ్యాన్ ఊదేది ఉత్త రేకుల మీద. కాబట్టి డైరెక్ట్ ఫ్యాన్ దొరికిందని వెతుకులాట ఆపొద్దు. వాల్వు కూడా పోయి ఉంటుంది.

బొలెరో, సుమో, పాత స్కార్పియో లాంటి బండ్లలో బెల్టుతో తిరిగే ఫ్యాన్‌కు మధ్యలో విస్కస్ క్లచ్ (వేడిని బట్టి ఫ్యాన్‌ను పట్టుకునే, వదిలే భాగం) ఉంటుంది. ఇంజిన్ బంద్ చేసి, చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పండి. కొద్దిపాటి పట్టుతో తిరిగితే సరే. అస్సలు కదలకుండా ఇంజిన్‌కు అతుక్కున్నట్టుంటే క్లచ్ బిగుసుకుంది, లేదా ఎవరో బోల్టు వేసి బిగించారు. రోడ్డు మీద ఎంత రేస్ చేస్తే అంత బస్సులా గర్జించడం దాని గుర్తు. డీజిల్ కూడా తాగుతుంది.

6. సెన్సర్ నిజం చెబుతోందా

రెండు వైర్ల సెన్సర్ వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. మామూలుగా దొరికే రకం 20 డిగ్రీల దగ్గర దాదాపు 2500 ఓములు, 80 దగ్గర 320, 100 దగ్గర 190 చూపుతుంది. మోడల్‌ను బట్టి అంకెలు మారతాయి, తగ్గే తీరు మాత్రం ఇదే. ప్లగ్ తీసి మల్టీమీటర్‌తో చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలవండి.

చాలామంది తప్పిపోయే చోటు ప్లగ్ పిన్నులు. తడి, దుమ్ము పట్టి పిన్ను మీద పచ్చటి చిలుము పేరుకుని 200 ఓములు అదనంగా చేరాయనుకోండి. చల్లగా ఉన్నప్పుడు 2500కు 200 కలిస్తే తేడా రెండు డిగ్రీలే. పొద్దున పరీక్ష పాసైపోతుంది. వేడిగా ఉన్నప్పుడు 320 కాస్తా 520 అవుతుంది, కంప్యూటర్ దాన్ని 65 డిగ్రీలుగా చదువుతుంది. సెన్సర్ మంచిదే, బండి మాత్రం చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్త సెన్సర్ వేసినా మారదు. పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి, వేడి మీద మళ్లీ చూడండి.

వైరు పరీక్ష తేలిక. ప్లగ్ ఊడదీస్తే చాలా బండ్లలో స్కానర్ మైనస్ 40 చూపాలి, ప్లగ్‌లోని రెండు వైర్లను చిన్న తీగతో కలిపితే 120 పైన ఎక్కడో చూపాలి. రెండూ జరిగితే వైరు, కంప్యూటర్ బాగున్నట్టే. రెండు వైర్ల సెన్సర్‌కు మాత్రమే ఇట్లా చేయాలి. కొన్ని కంప్యూటర్లు ప్లగ్ ఊడగానే 80 లాంటి బదులు అంకె పెట్టుకుంటాయి, దాన్ని చూసి తికమకపడొద్దు. చివర్లో కోడ్లు చెరిపేయండి.

7. థర్మోస్టాట్ విప్పి చూడడం

చల్లని ఇంజిన్ మీద కింది పైపు వదులు చేసి కూలెంట్ టబ్బులోకి పట్టండి. నేల మీద వదలొద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు, మేకలు నాకుతాయి, చచ్చిపోతాయి. హౌసింగ్ బోల్టులు రెండో మూడో ఉంటాయి. విప్పగానే ఖాళీగా కనిపిస్తే వెతుకులాట అయిపోయింది.

వాల్వు ఉంటే చల్లగా ఉండగానే వెనక టార్చి పెట్టి చూడండి. వెలుతురు సన్నగా కనిపించినా లీకే. గాలి పోయే చిన్న చిల్లు మాత్రం కంపెనీ పెట్టింది. రబ్బరు అంచు చిరిగిందా, స్ప్రింగు విరిగిందా, పొలుసు ఇరుక్కుందా చూడండి. దాని మీద అచ్చు వేసిన అంకె కూడా చదవండి. 88 ఉండాల్సిన చోట 76 రకం వేసి ఉంటే అదే కారణం.

తర్వాత గిన్నె పరీక్ష. మూసి ఉన్న వాల్వు అంచులో దారం ఇరికించి, నీళ్ల గిన్నెలో అడుగు తగలకుండా వేలాడదీయండి, పక్కనే థర్మామీటర్. సన్న మంట మీద వేడి చేస్తే, వాల్వు తెరుచుకోగానే దారం జారి అది కింద పడుతుంది. ఆ క్షణం అంకె, అచ్చు అంకెకు రెండు మూడు డిగ్రీల్లో ఉండాలి. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, ఈ పరీక్షకు అది సరిపోతుంది. పొయ్యి ఆపాక మూసుకోవడం కూడా చూడండి. తెరుచుకోవడం సరిగానే ఉండి, చల్లారాక సగంలో ఆగిపోయే వాల్వులు చాలా ఉంటాయి. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు.

కొన్ని బండ్లలో వాల్వు ప్లాస్టిక్ హౌసింగ్‌తో కలిసే వస్తుంది. వాటికి టార్చి పరీక్షతో సరిపెట్టుకుని మొత్తం మార్చడమే.

"ఎండాకాలం వస్తోంది, వాల్వు లేకుండానే వదిలెయ్ అన్నా"

ఈ సలహా వినొద్దు. చాలా థర్మోస్టాట్లకు వెనక రెండో బిళ్ల ఉంటుంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఆ బిళ్ల ఇంజిన్‌లోనే తిరిగే అడ్డదారిని మూసేసి, కూలెంట్ మొత్తాన్ని రేడియేటర్‌కు పంపిస్తుంది. వాల్వు తీసేస్తే అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. ఖాళీ రోడ్డు మీద చల్లబడే అదే బండి, ఐదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని శ్రీశైలం నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు హీటెక్కుతుంది. అసలు వేడికి కారణం పూడుకుపోయిన రేడియేటరో, పట్టు పోయిన మూతో, తిరగని ఫ్యానో అయి ఉంటుంది. వాటిని బాగు చేయించాలి.

8. బిగించడం, నింపడం, గాలి తీయడం

పాత అంకె ఉన్న రకమే తెచ్చుకోండి. హౌసింగ్ అంచుల్లో పాత గ్యాస్కెట్ గీకి, కొత్త ఓ రింగ్ (గుండ్రటి రబ్బరు వలయం) వేయండి. ఓ రింగ్ ఉన్న చోట గమ్ పూయొద్దు, పిండి బయటికి వచ్చిన గమ్ రేడియేటర్ సన్న గొట్టాల్లో ఇరుక్కుంటుంది. గాలి పోయే చిల్లు పైకి వచ్చేలా పెట్టండి. బోల్టులను 8 నుంచి 10 న్యూటన్ మీటర్లకు మించి బిగిస్తే అల్యూమినియం మరలు ఊడిపోతాయి.

రెడీమిక్స్ కూలెంట్ అయితే నేరుగా పోయండి. చిక్కటిదైతే డబ్బా మీద చెప్పిన పాళ్లలో, మామూలుగా సగానికి సగం, డిస్టిల్డ్ వాటర్ కలపండి. బోరు నీళ్లు వద్దు, ఇంటికొచ్చే క్యాన్ నీళ్లు కూడా వద్దు, వాటిలోనూ ఉప్పులు మిగిలే ఉంటాయి. పచ్చది పచ్చదానితో కలుస్తుందన్న లెక్క తప్పు. రంగును కాదు, మాన్యువల్‌లో చెప్పిన రకాన్ని చూడండి.

బండి ముందు భాగం కొంచెం ఎత్తులో పెట్టి, హీటర్ ఉంటే పూర్తి వేడి వైపు తిప్పండి. మెల్లగా పోస్తూ పై పైపును పిసకండి. గాలి స్క్రూ ఉంటే బుడగలు లేని ధార వచ్చేదాకా వదులుగా ఉంచండి. మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు వచ్చి ఆగేదాకా ఐడిల్‌లో నడపండి. తర్వాత నాలుగో మెట్టులోని రోడ్డు పరీక్ష అదే దారిలో, అదే వేగంతో మళ్లీ చేసి పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. 80కి పైన నిలకడగా ఉండాలి.

డిప్‌స్టిక్ పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పై గీత దాటినా, సర్వీసు తేదీ కోసం చూడకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. మర్నాడు పొద్దున చల్లని ఇంజిన్ మీద కూలెంట్ మట్టం ఇంకోసారి చూడండి. ఇరుక్కున్న గాలి రాత్రి బయటపడి, తరచుగా అర లీటరు దాకా దిగుతుంది.